పేరు ఒక ఊళ్లో, బతుకు మరో ఊళ్లో

2024 మే 13, సోమవారం. లోక్‌సభ ఎన్నికల రోజు. ఉదయ ప్రార్థన ముగించుకుని ఇంటిల్లిపాదీ వెళ్లి ఓటు వేసి వచ్చాము. పోలింగు కేంద్రం దగ్గర పెద్ద వరుస లేదు. పావుగంటలో పని అయిపోయింది. వేలిమీద సిరా గుర్తుతో బోయిగూడ కలప డిపోల వైపు నుండి నడిచి వస్తూ, దారిలో ఒక టీ బండి దగ్గర ఆగాము. నలుగురైదుగురు కూలీలు నిలబడి టీ తాగుతున్నారు. పెద్దవాళ్లకు ఉండే అలవాటు కొద్దీ, "ఏం నాయనా, ఓటు వేశారా?" అని అడిగాము.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఇద్దరిది బీహారు. తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. "ఓటు ఊళ్లో ఉంది సాబ్. ఇక్కడ పని ఉంది" అన్నాడు ఒకడు. పక్కనే ఉన్న శ్రీకాకుళం మనిషి మాట అందుకున్నాడు. అతడు దగ్గరలోని అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. "నాదీ అంతే బాబూ. మా బావమరుదులు బస్సెక్కి ఎల్లిపోనారు. నేను గేటొగ్గేసి ఎలగెల్తాను? ఎల్లొచ్చీసరికి నాలుగు రోజులైపోద్ది. ఈలోగా ఇంకోడిని పెట్టేస్తారు" అన్నాడు.

మేము ఇంకేమీ అడగలేకపోయాము. చేతిమీది సిరా గుర్తును అప్పటిదాకా కాస్త గర్వంగానే చూసుకుంటూ వచ్చాము. ఓటు వేయనివారంటే బాధ్యత లేనివారని, సెలవు రోజున నిద్రపోయేవారని మా అభిప్రాయం. దేవాలయంలోనూ అలాగే మాట్లాడుకున్నాము. ఆ రోజు మా ముందు నిలబడినవారు నిద్రపోతున్నవారు కారు. పనిలో ఉన్నవారు.

ఆ మెట్లు ఎక్కినవారెవరు?

బోయిగూడలో ఉండేవారు 2022 మార్చి 23 తెల్లవారుజామును మరిచిపోలేరు. పాత సామాను గోదాములో మంటలు లేచాయి. పైన నిద్రిస్తున్న 12 మంది బీహారు కార్మికుల్లో 11 మంది చనిపోయారు. ఒక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు. వాళ్లది సారణ్, కటిహార్ జిల్లాలు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్క కుటుంబానికి 5 లక్షల రూపాయలు, ప్రధానమంత్రి సహాయ నిధి నుండి 2 లక్షల రూపాయలు ప్రకటించారు. మృతదేహాలను విమానంలో బీహారుకు పంపారు. దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ బోగీలో నిలబడి ఒకటిన్నర రోజు ప్రయాణం చేసి వచ్చేవారి దారి అది. వాళ్లు మాత్రం ఆ దారిన తిరిగి వెళ్లలేదు.

ఆ వారం మా సంఘంలో వారికోసం ప్రార్థన చేశాము. అయితే, బతికి ఉన్నప్పుడు వాళ్ల పేర్లయినా అడిగినవాళ్లము కాము. టీ బండి దగ్గర మాట విన్నాక ఆ గోదాము మళ్లీ గుర్తుకు వచ్చింది. ఎన్నికలు వస్తే మన గుమ్మాలకు ఎందరు వస్తారు! చేతులు జోడిస్తారు, కాలువ బాగుచేస్తామంటారు, దీపం వేయిస్తామంటారు. ఓటు ఉన్న ఇంటి తలుపు తడతారు, లేని ఇంటిని దాటిపోతారు. కూలీలు పడుకునే గది ఎలా ఉంది, కిందికి దిగడానికి దారి ఎన్ని వైపుల ఉంది అని చూడవలసిన అవసరం ఓట్ల లెక్కలో ఎవరికీ రాదు. ఓటు లేకపోతే పోయేది ఒక బటన్ నొక్కే అవకాశం మాత్రమే కాదని మాకు అప్పుడు అర్థమయింది.

ఒకే రోజు, రెండు లెక్కలు

ఆ మే 13న సికింద్రాబాదు నియోజకవర్గంలో పోలైన ఓట్లు సుమారు 49 శాతం. 2019లో ఇంకా తక్కువ, 46 శాతం పైచిలుకు. పక్కనున్న హైదరాబాదు నియోజకవర్గంలోనూ రెండుసార్లూ సగానికి తక్కువే. అదే రోజు శాసనసభకూ లోక్‌సభకూ కలిపి ఓటు వేసిన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 80 శాతం దాటింది. పోలింగుకు ముందు శని, ఆదివారాల్లో మన నగరం నుండి విజయవాడ వెళ్లే రహదారి ఎలా ఉందో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. టోల్‌గేట్ల దగ్గర బారులు తీరిన కార్లు, కిక్కిరిసిన బస్సులు, రైళ్లు. సంక్రాంతి పండుగను తలపించింది.

వెళ్లగలిగినవారు వెళ్లారు. సొంత కారు ఉన్నవారు, సెలవు దొరికినవారు, చార్జీ పెట్టుకోగలిగినవారు. మన వాచ్‌మన్ వంటివారు ఇక్కడా లేక, అక్కడా లేక మిగిలిపోయారు. జాబితా చూస్తే వాళ్ల ఊళ్లో "ఓటు వేయనివారు" అన్న లెక్కలో వాళ్ల పేరు చేరిపోతుంది. ఎందుకు వేయలేదన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు.

చట్టం ఏమి చెబుతుంది?

మన దేశంలో ఓటు మనిషి వెంట నడవదు. ఊరిని పట్టుకుని ఉంటుంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. అతడు ఎక్కడ "సాధారణ నివాసి" అయితే అక్కడ. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోడని కూడా ఆ చట్టమే చెబుతుంది. కొద్దికాలం ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదని కూడా చెబుతుంది. సంవత్సరంలో పదకొండు నెలలు బోయిగూడలో పనిచేసుకుని, పండుగకు ఊరెళ్లి వచ్చే మనిషి ఈ రెండు మాటల మధ్య నలుగుతున్నాడు.

సరిహద్దులో ఉన్న సైనికునికి దూరం నుండి ఓటు వేసే ఏర్పాటు ఉంది. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగికి పోస్టల్ బ్యాలెట్ ఉంది. 85 ఏళ్లు దాటిన వృద్ధులు, 40 శాతం వైకల్యం ఉన్నవారు 2024లో ఇంటి దగ్గరే ఓటు వేయగలిగారు. ఇవన్నీ సంతోషించదగిన ఏర్పాట్లు. పొట్టకూటి కోసం దూరం వెళ్లిన కూలీకి మాత్రం అటువంటి ఏర్పాటు లేదు. పోలింగు రోజున జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టంలో ఉంది, ఇవ్వని యజమానికి 500 రూపాయల వరకు జరిమానా కూడా ఉంది. కానీ శ్రీకాకుళం వెళ్లి రావడానికి ఒక్కరోజు సెలవు ఏమూలకు?

దీనికి మార్గం వెదకలేదని అనలేము. 2022 డిసెంబరులో ఎన్నికల కమిషన్ ఒక కొత్త యంత్రం నమూనాను ప్రకటించింది. దూర ప్రాంతంలోని ఒకే పోలింగు కేంద్రం నుండి 72 నియోజకవర్గాల ఓటర్లు ఓటు వేయగలిగే యంత్రం అది. 2019లో 30 కోట్ల మందికి పైగా ఓటు వేయలేదని, వలస అందుకు ఒక ముఖ్య కారణమని కమిషన్ అప్పుడు చెప్పింది. 2023 జనవరిలో రాజకీయ పార్టీలను పిలిచి చూపించబోతే పార్టీలు ఎన్నో సందేహాలు లేవనెత్తాయి. ఆ యంత్రం లేకుండానే 2024 ఎన్నికలు జరిగిపోయాయి.

రేషన్ విషయంలో వేరుగా జరిగింది. 2019 ఆగస్టులో ప్రయోగాత్మకంగా మొదట కలిపిన రాష్ట్రాల్లో మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. అక్కడి కార్డుతో ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు. బియ్యం సరిహద్దు దాటింది, ఓటు దాటలేదు.

"పేరు తీసేస్తే ఊరు పోతదేమో!"

"అయితే ఓటు ఇక్కడికి మార్చుకోవచ్చు గదా?" అని మీరు అడగవచ్చు. మేమూ అదే అడిగాము. మా సంఘంలో వెనుక వరుసలో కూర్చునే పాలమూరు సోదరి ఒకరున్నారు. నాలుగిళ్లలో పని చేసుకుని బతుకుతున్నారు. ఆమె చెప్పిన మాట మమ్మల్ని ఆలోచింపజేసింది.

"ఊర్ల పేరు తీసేయిస్తే రేషన్ కార్డు పోతదంటరమ్మా. ఇల్లు పోతదంటరు. ఉన్న గుంటెడు జాగ గూడ మనది కాదంటరేమో! ఈడ ఇయ్యాల కిరాయికున్నం, రేపు ఎల్లగొడితే యాడికి పోవాలె? సర్పంచ్ ఎలక్షన్లకైతే బండి పెట్టి తోల్కపోతరు. ఢిల్లీ ఓటుకు మమ్ముల ఎవరు పిలుస్తరు?"

ఓటర్ల జాబితాలో పేరు మారితే రేషన్ కార్డుగాని, ఇంటి పట్టాగాని, భూమి హక్కుగాని పోవు. అవి వేరు, ఇది వేరు. ఆ సంగతి ఆమెకు చెప్పాము. కానీ ఆమె భయమంతా అపోహే అనలేము. పేరు ఇక్కడికి మారితే పంచాయతీ ఓటు పోతుంది, దాని బదులు ఇక్కడి కార్పొరేషన్ ఓటు వస్తుంది. సర్పంచికి ఆమె పేరు తెలుసు, ఆమె తండ్రి పేరు తెలుసు. ఇక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచేవారు ఎందరు? ఆ జాబితాలో పేరు ఆమెకు ఊరితో మిగిలిన చివరి ముడి. దాన్ని విప్పమని చెప్పడం తేలిక. విప్పిన తరువాత ఇక్కడ ఎవరితో ముడి వేసుకోవాలో మనము చెప్పాలి.

బీహారులో 2025లో జరిగింది చూస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగి, ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవారు, రెండుచోట్ల పేరున్నవారు పోగా, వేరేచోటికి శాశ్వతంగా వెళ్లిపోయారనో, ఇంటి దగ్గర దొరకలేదనో తీసివేసిన పేర్లే అందులో ఎక్కువ. జాబితా శుద్ధిగా ఉండవలసిందే. కానీ ఊరికి దూరంగా ఉన్నవాడు అక్కడ పేరు పోగొట్టుకుని ఇక్కడ రాయించుకోకపోతే, స్వతంత్ర దేశపు పౌరుడు ఏ జాబితాలోనూ లేనివాడవుతాడు.

విదేశాల్లోనూ ఇదే కథ

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. స్వీడన్‌లో ఓటు కోసం ఎవరూ దరఖాస్తు పెట్టనక్కరలేదు. జనాభా రిజిస్టరును బట్టి ఓటరు కార్డు ఇంటికే వస్తుంది. 2022లో అక్కడ 84 శాతం మంది ఓటు వేశారు. అయినా వేరే దేశంలో పుట్టి, స్వీడన్ పౌరసత్వం పొందినవారిలో ఓటు వేసేవారి శాతం అక్కడే పుట్టినవారికంటే తక్కువగానే ఉంటుంది. కార్డు ఇంటికి వచ్చినా మనిషి బూతుకు రాడు. భాష రాకపోవడం ఒక కారణం. తనను అడిగినవారు లేకపోవడం, ఈ దేశపు నిర్ణయాలు తనవి కావని అనుకోవడం మరికొన్ని కారణాలు. జాబితాలో చోటు దొరికినా, మనుషుల మధ్య చోటు దొరకలేదన్నమాట.

గల్ఫ్‌లోను, అమెరికాలోను ఉన్న మన బిడ్డల సంగతీ అంతే. భారత పాస్‌పోర్టుతో విదేశాల్లో ఉన్నవారికి 2011 నుండి ఓటు నమోదు హక్కు ఉంది. కాని స్వయంగా వచ్చి వేయాలి. 2024లో దేశమంతటా అలా నమోదైనవారు దాదాపు 1,19,000 మంది కాగా, వచ్చి వేసినవారు 3,000 లోపే.

ఇంటి కోడలి మాట

ఇంత తిరిగి చూసి ఇంటికి వచ్చాక మాకు ఇంకో పాఠం దొరికింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పుట్టిన ఊరో, మునుపటి ఊరో విడిచి వేరేచోట ఉన్నవారు 45 కోట్లు. వారిలో అతిపెద్ద వర్గం పెళ్లి చేసుకుని కదిలిన స్త్రీలదే. ఈ సంగతి భోజనాల దగ్గర చెబుతుంటే మా కోడలు, "నా ఓటు ఇంకా మా అమ్మావాళ్ల ఊళ్లోనే ఉంది అత్తయ్యా" అంది. ఆమె మా ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. ఇంటిపేరు మార్చాము, బ్యాంకు ఖాతా మార్చాము, గ్యాస్ పుస్తకంలో పేరు రాయించాము. ఓటు సంగతి ఎవరమూ అడగలేదు. మే 13న ఇంటిల్లిపాదీ ఓటు వేసి వచ్చామని పైన రాశామే, ఆ ఇంటిల్లిపాదిలో ఆమె లేదు. బిడ్డను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయింది. మేము దాన్ని గమనించనే లేదు.

ప్రియ పాఠకులారా, వలస వచ్చినవారు ఎందుకు ఓటు వేయరని బయటివారిని అడగడానికి వెళ్లిన మాకు జవాబు మా వంటింట్లోనే దొరికింది. వారిని ఎవరూ అడగరు. అందుకే వేయరు.

బేత్లెహేము దారి

ప్రతి క్రిస్మసుకు మన పిల్లలు నాటకం వేస్తారు. నజరేతులో వడ్రంగి పని చేసుకునే యోసేపు, ప్రజాసంఖ్య రాయించుకోవడానికి నిండు గర్భిణి మరియను వెంటబెట్టుకుని పితరుల ఊరైన బేత్లెహేముకు బయలుదేరతాడు. పని ఒక ఊళ్లో, పేరు మరో ఊళ్లో. రోము చక్రవర్తి ఆజ్ఞ మేరకు ఎవరి ఊరికి వారు వెళ్లి రాయించుకోవలసిందే. దారి ఎంత కష్టమైనా వెళ్లారు, తీరా వెళితే సత్రంలో చోటు లేదు. మన ప్రభువు భూమిమీద మొదటి రాత్రి గడిపింది జాబితాలో పేరు కోసం ప్రయాణం చేసిన ఒక కూలి కుటుంబంలోనే. ఇన్నేళ్లుగా ఆ నాటకం చూస్తున్నాము గాని, ఆ యోసేపు మన వీధిలో ఇటుకలు మోస్తున్నాడని, కలప దించుతున్నాడని మాకు తట్టలేదు.

బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం కూడా చదవండి. ఈ ఊరు మనది కాదు, నేడో రేపో వెళ్లిపోతాము అని మూటలు విప్పకుండా కూర్చున్నవారికి అతడు ఏమి చెప్పాడు? అక్కడే ఇళ్లు కట్టుకొమ్మన్నాడు, తోటలు వేసుకొమ్మన్నాడు, ఆ పట్టణం బాగు కోరమన్నాడు. ఆ పట్టణం క్షేమంలోనే వారి క్షేమం ఉందన్నాడు. అపొస్తలుడైన పౌలు పరలోక పౌరసత్వం గురించి రాసినవాడే. అయినా కొరడా దెబ్బలకు కట్టివేసినప్పుడు తాను రోమా పౌరుడనని చెప్పి భూలోక హక్కును కూడా వాడుకున్నాడు. హక్కు అడగడం విశ్వాసానికి లోటు కాదు.

మన సంఘం ఏమి చేయవచ్చు?

మా అయ్యగారితో మాట్లాడి, ఒక ఆదివారం ఆరాధన తరువాత వరండాలో ఒక బల్ల వేశాము. ఫలానావారికి ఓటు వేయండి అనే మాట అక్కడ ఎవరమూ ఎత్తకూడదని ముందే నియమం పెట్టుకున్నాము. దేవాలయాలను రాజకీయ ప్రచారానికి వాడకూడదని 1988 నాటి చట్టం కూడా ఉంది. పేరు రాయించుకోవడానికి సాయం చేయడం మాత్రమే మా పని. మన యౌవనస్థులు సెల్‌ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లకు ఫోనులో చాలా పనులు తెలుసు, ఆ రోజు ఒక మంచి పని తెలిసింది.

పద్ధతి కష్టమేమీ కాదు. 18 ఏళ్లు నిండి మొదటిసారి పేరు రాయించుకునేవారికి ఫారం 6. ఒకచోటి నుండి ఇంకోచోటికి మార్చుకునేవారికి ఫారం 8. సంవత్సరానికి ఒక్కసారే కాక, జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మొదటి తేదీలను వయసు లెక్కకు తీసుకుంటారు. అద్దె ఒప్పందం లేనివారు ఆధార్, బ్యాంకు లేక పోస్టాఫీసు పుస్తకం, కరెంటు బిల్లు వంటివి చూపవచ్చు. ఇల్లే లేక రోడ్డు పక్కన పడుకునేవారికి కాగితం అక్కరలేదు. బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వచ్చి, ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసి రాసుకోవాలని నియమం ఉంది. సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. రెండుచోట్ల పేరు ఉంచుకోవడం తప్పు. అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకు శిక్ష ఉంది. విశ్వాసులమైన మనము ఆ దారి ఎవరికీ చూపకూడదు.

అందరూ పేర్లు మార్చుకోలేదు. పాలమూరు సోదరి చాలాసేపు ఆలోచించి, ఊళ్లో తల్లి ఉన్నంతకాలం అక్కడే ఉండనిమ్మన్నారు. అది ఆమె నిర్ణయం, మేము గౌరవించాము. అయితే వచ్చే ఎన్నికలప్పుడు ఆమె పనిచేసే ఇళ్లవారు జీతం కోయకుండా మూడు రోజులు సెలవివ్వాలని మాట తీసుకున్నాము. ఆ నాలుగిళ్లలో రెండు మన సంఘంవారివే! మా కోడలు ఫారం 8 నింపింది.

వాచ్‌మన్ కూడా వచ్చాడు. తన పేరు మాత్రం మార్చవద్దన్నాడు. "మా అమ్మాయి పేరు రాయండి బాబూ. పద్దెనిమిది నిండినాయి. చిన్నప్పట్నుంచి ఇక్కడే చదివింది. దానికి మా ఊర్లో తెలిసినోలెవులున్నారు? దాని ఊరిదే" అన్నాడు. అమ్మాయి తెలుగులో, ఇంగ్లీషులో ఫారం తానే నింపుకుంది. చిరునామా దగ్గర కాస్త ఆగి, అపార్ట్‌మెంటు పేరు రాసి, దాని కింద "మెట్ల కింద గది" అని రాసింది. కొన్ని రోజులకు అధికారి వచ్చి ఆ గది చూసి, పేరు రాసుకుని వెళ్లారు.

వచ్చే ఎన్నికల్లో చేతులు జోడించుకుని ఆ అపార్ట్‌మెంటుకు ఎవరు వచ్చినా, ముందుగా ఆ మెట్ల కింద తలుపు దగ్గర ఆగవలసి ఉంటుంది.

మీ ఇంట్లో ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక ఒక్క ప్రశ్న వేసుకోండి. మన ఇంట్లోను, మన ఇంటి పనిలోను, మన సంఘపు వెనుక వరుసలోను ఉన్నవారిలో ఎవరి పేరు ఏ ఊళ్లో ఉంది? తెలియకపోతే రేపే అడగండి. ప్రతి గొర్రెను పేరుపెట్టి పిలిచే మంచి కాపరి మనకు ఆ మనసు దయచేయును గాక.